ఓడ మీంచి జారిపడితే.. ముందు ఎవరికి తెలియాలి?

పటాన్‌చెరు నుంచి సముద్రం చూడాలంటే రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లకు పైనే వెళ్లాలి. దగ్గర్లో పెద్ద నీళ్లంటే సింగూరు, మంజీర, లేదంటే ఊరి చెరువు. ఇక్కడ కూర్చుని సముద్రంలో పడిపోయినవాళ్ల గురించి మాట్లాడటమేంటి అనిపించొచ్చు. కానీ రామచంద్రాపురం, బొల్లారం, ఇస్నాపూర్ చుట్టుపక్కల ఐటీఐ చేసి వెల్డింగో ఫిట్టర్ పనో నేర్చుకున్న కుర్రాడికి ఓడ ఉద్యోగం మరీ అందనిదేం కాదు. ఇంజిన్ రూములో ఫిట్టర్‌గానో, జీపీ రేటింగ్ చేసి డెక్ మీదో చేరొచ్చు. ఇక ఈ షెడ్లలో పనిచేసే ఉత్తరాంధ్ర, ఒడిశా వాళ్లలో కొందరికి వేటకెళ్లే అన్నో బావో ఇంటి దగ్గర ఉండే ఉంటాడు.

పైగా సముద్రంలో తప్పిపోయినవాళ్లు ఎటు కొట్టుకుపోయి ఉంటారో లెక్కగట్టే ఆఫీసు ఎక్కడో ముంబైలో లేదు. మియాపూర్ దాటి నిజాంపేట వైపు తిరిగితే వచ్చే ప్రగతినగర్‌లోనే ఉంది. దాని పేరు ఇన్‌కాయిస్. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు, మనిషి నీళ్లలో పడ్డాక అసలేం జరుగుతుందో చూడండి.

నిమిషానికి 370 మీటర్లు

సరుకు ఓడ గంటకు 12 నాటికల్ మైళ్ల వేగంతో వెళ్తోందనుకుందాం. సముద్రంలో అదేం పెద్ద స్పీడు కాదు. అయినా నిమిషానికి 370 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. మీరు పడ్డారని పక్కవాడు చూసి, కేకేసి, బ్రిడ్జి మీదకు ఫోన్ చేసి, ఓడ తిప్పడం మొదలుపెట్టేసరికి అయిదు నిమిషాలైతే మీకూ ఓడకూ మధ్య దాదాపు రెండు కిలోమీటర్లు. అంత దూరం నుంచి అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత కూడా కనపడదు. రాత్రయితే ఇక చెప్పేదేముంది.

ఇది ఎవరో చూసినప్పటి మాట. ఎవరూ చూడకపోతే? రాత్రి పదికి డెక్ మీద పడ్డ మనిషి లేడని తెల్లవారుజామున నాలుగింటికి తెలిసిందనుకోండి. ఆ ఆరు గంటల్లో ఓడ 130 కిలోమీటర్లకు పైగా వెళ్లిపోయి ఉంటుంది. ఆ గీత పొడవునా ఎక్కడైనా పడి ఉండొచ్చు. పడ్డచోటే ఉండడు కూడా, ప్రవాహం లాక్కుపోతుంది. గంటకు రెండు కిలోమీటర్ల ప్రవాహమైతే ఆరు గంటల్లో పన్నెండు కిలోమీటర్లు పక్కకు. వెతకాల్సిన చోటు ఒక జిల్లా అంత అయిపోతుంది.

అందుకే ఒంటి మీద పెట్టుకునే బీకన్లు వచ్చాయి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి, చొక్కా జేబులో పట్టేంత. అయితే ఇవన్నీ ఒకటే పని చేస్తాయనుకుని, ఆన్‌లైన్‌లో రేటు చూసి కొనేస్తే ఇబ్బందే. ఒకటి ఆకాశానికి చెబుతుంది. ఇంకొకటి పక్కనున్న ఓడకు చెబుతుంది. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

ఆకాశానికి చెప్పేది

మొదటిది పీఎల్‌బీ. పర్సనల్ లొకేటర్ బీకన్. బటన్ నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సిగ్నల్ పంపిస్తుంది. దాదాపు 50 సెకన్లకోసారి, కనీసం 24 గంటలపాటు పంపుతూనే ఉంటుంది. దాన్ని అందుకునే వ్యవస్థ పేరు కోస్పాస్-సార్సాట్. సోవియట్ యూనియన్, అమెరికా, కెనడా, ఫ్రాన్స్ కలిసి మొదలుపెట్టాయి. కోల్డ్‌వార్ నడుస్తున్న రోజుల్లో అమెరికా, రష్యా కలిసి చేసిన మంచి పని ఏదైనా ఉందంటే ఇదొకటి. 1982 నుంచి ఇప్పటిదాకా అరవై వేల మందికి పైగా దీనివల్ల బతికి బయటపడ్డారు. మన ఇన్‌శాట్-3డీఆర్ ఉపగ్రహం కూడా ఈ సిగ్నల్‌ను అందుకుంటుంది. భారత్ తరఫున కంట్రోల్ సెంటర్ బెంగళూరులో, ఇస్రోవాళ్ల ఇస్ట్రాక్‌లో ఉంది. అక్కణ్నుంచి కోస్ట్‌గార్డ్‌కు కబురు వెళ్తుంది.

బీకన్‌లో జీపీఎస్ ఉంటే వంద మీటర్ల తేడాతో ఎక్కడున్నారో చెప్పేస్తుంది. లేకపోతే తేడా కిలోమీటర్లలో ఉంటుంది. ఈరోజుల్లో జీపీఎస్ లేని పీఎల్‌బీ కొనాల్సిన పనే లేదు. కొన్ని కొత్త మోడళ్లలో యూరప్ గెలీలియో ఉపగ్రహాల ద్వారా తిరుగు సమాధానం వస్తుంది. అంటే మీ సిగ్నల్ అందిందని బీకన్ మీద ఒక లైటు వెలుగుతుంది. నీళ్లలో ఒంటరిగా తేలుతున్నవాడికి ఆ లైటు ఎంత ధైర్యమో ఊహించుకోండి.

మరి లోపమేంటి? సిగ్నల్ నిమిషాల్లో వెళ్తుంది. మనిషి రావడానికి టైమ్ పడుతుంది. మన నేవీ అధికారి అభిలాష్ టోమీ సంగతే చూడండి. 2018 సెప్టెంబరు 21న గోల్డెన్ గ్లోబ్ రేసులో, దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు ఆయన పడవ తెరచాప స్తంభం విరిగింది, వెన్నుకు దెబ్బ తగిలి కదల్లేకపోయాడు. ఎక్కడున్నాడో ప్రపంచానికి తెలుసు. మన నేవీ విమానం వెళ్లి పడవను చూసింది కూడా. అయినా ఫ్రాన్స్ ఓడ ఒసిరిస్ చేరేసరికి సెప్టెంబరు 24. ఆయన పడవలోపల ఉన్నాడు కాబట్టి మూడు రోజులు ఆగగలిగాడు. నీళ్లలో ఉన్న మనిషి ఆగలేడు. (ఆయన మళ్లీ అదే రేసుకు వెళ్లి 2023లో రెండో స్థానంలో వచ్చాడు. అది వేరే కథ, కానీ చెప్పకుండా ఉండలేం.)

ఇంకో ఇబ్బంది, పీఎల్‌బీలు చాలావరకు చేత్తో ఆన్ చేయాల్సినవే. యాంటెన్నా విప్పాలి, బటన్ నొక్కాలి, ఆకాశం కనిపించేలా నిలువుగా పట్టుకోవాలి. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడికి ఇది కుదరదు.

పక్క ఓడకు చెప్పేది

రెండోది ఏఐఎస్ మ్యాన్ ఓవర్‌బోర్డ్ బీకన్. ఓడలన్నీ తామెక్కడున్నామో ఒకదానికొకటి చెప్పుకోవడానికి ఏఐఎస్ వాడతాయి. ఈ బీకన్ అదే భాషలో మాట్లాడుతుంది. దాని నంబరు 972తో మొదలవుతుంది. చుట్టుపక్కల ఓడల స్క్రీన్ మీద 'మనిషి ఇక్కడ ఉన్నాడు' అని గుర్తు పడుతుంది, మనిషి కొట్టుకుపోతున్నకొద్దీ గుర్తూ కదులుతుంది. చిన్న పడవకైతే ఏడెనిమిది కిలోమీటర్ల లోపు, యాంటెన్నా ఎత్తుగా ఉన్న పెద్ద ఓడకు ఇంకాస్త దూరం నుంచి అందుతుంది. దీన్ని గాలితో ఉబ్బే లైఫ్ జాకెట్‌లోపల అమర్చుకోవచ్చు. నీళ్లలో పడగానే జాకెట్ ఉబ్బుతుంది, ఆ ఊపుకు బీకన్ దానంతటదే ఆన్ అవుతుంది. స్పృహ ఉన్నా లేకపోయినా.

ఓడ మీద పనిచేసేవాడికి నా ఓటు దీనికే. ఎందుకంటే మీకు అందరికంటే దగ్గర్లో ఉన్నది మీరు పడిపోయిన ఓడే. బెంగళూరుకు తెలిసి, చెన్నైకి తెలిసి, హెలికాప్టర్ లేచేలోపు ఆ ఓడ వెనక్కి తిరిగి రాగలదు. దానికి వెంటనే తెలియాలి, అంతే.

కొనేముందు చూసుకోవాల్సిన మెలిక ఒకటుంది. పాత ఏఐఎస్ సెట్లు కొన్నిటిలో స్క్రీన్ మీద గుర్తు పడుతుంది కానీ అలారం మోగదు. అర్ధరాత్రి బ్రిడ్జి మీద ఉన్నవాడు ఆ క్షణంలో స్క్రీన్ చూడకపోతే ఏం లాభం? అందుకే డీఎస్‌సీ కూడా ఉన్న బీకన్ తీసుకోవాలి. అది వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఛానల్ 70 మీద గట్టిగా అలారం మోగిస్తుంది. అయితే మీ ఓడకే ముందు మోగాలంటే ఆ ఓడ తొమ్మిదంకెల ఎంఎంఎస్ఐ నంబరు బీకన్‌లో ఎక్కించాలి. కాంట్రాక్టు మారి ఓడ మారితే నంబరూ మార్చాలి. పాత నంబరుతోనే తిరిగితే మీరు పసిఫిక్‌లో పడ్డప్పుడు మీ బీకన్ ఎక్కడో సింగపూర్‌లో లంగరేసిన పాత ఓడను పిలుస్తూ ఉంటుంది.

రెండు పనులూ ఒకే పెట్టెలో చేసేవీ వచ్చాయి. ఓషన్ సిగ్నల్ కంపెనీ పీఎల్‌బీ3, ఏసీఆర్ వాళ్ల రెస్‌క్యూలింక్ ఏఐఎస్ అలాంటివే. ఉపగ్రహానికీ చెబుతాయి, పక్క ఓడకూ చెబుతాయి. రేటు కాస్త ఎక్కువ. మామూలు పీఎల్‌బీయే అమెరికాలో మూడు నాలుగు వందల డాలర్లుంటుంది, అంటే మన డబ్బుల్లో పాతిక నుంచి ముప్పై అయిదు వేలు. కస్టమ్స్ అదనం.

మన తీరంలో పడవ సంగతి

'తండేల్' సినిమా చూసినవాళ్లకు వెరావల్ పేరు గుర్తుండే ఉంటుంది. 2018 నవంబరులో అక్కణ్నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల కథే దానికి మూలం. సముద్రంలో మనం ఎక్కడున్నామో మనకూ, ఒడ్డునున్నవాళ్లకూ తెలియకపోతే ఏమవుతుందో ఆ ఊళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వాళ్ల కోసం మన దేశంలో తయారైన పరికరాలున్నాయి. ఇస్రో 2010 నుంచి డాట్ అనే డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్‌ను నడుపుతోంది. పడవకు ప్రమాదమైతే బటన్ నొక్కడమే. 20 వేలకు పైగా వాడకంలోకి వచ్చాయి. మొదటి రకంలో పెద్ద లోటు, పంపిన కబురు అందిందో లేదో పడవలో ఉన్నవాడికి తెలిసేది కాదు. 2024 జనవరిలో ఇస్రో ప్రకటించిన రెండో తరం డాట్‌లో ఆ లోటు తీరింది. కబురు అందిందని జవాబొస్తుంది. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలుపుకుంటే ఒడ్డు నుంచి వచ్చే మెసేజ్‌లు మన భాషలోనే చదువుకోవచ్చు. ఇక మత్స్య సంపద యోజన కింద లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం 364 కోట్ల రూపాయలతో 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో మొదలైంది. 2019లో వచ్చిన జెమిని అనే పరికరం ఇంకొకటి. తుపాను హెచ్చరికలు, చేపలెక్కడ దొరుకుతాయన్న సమాచారం ఇస్తుంది కానీ, వినడమే తప్ప మాట్లాడటం దానికి రాదు. ఆపదలో దాన్ని నమ్ముకోకూడదు.

ఇవన్నీ మంచివే. కానీ ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడని ఖాళీ ఒకటుంది. డాట్ అయినా ట్రాన్స్‌పాండర్ అయినా పడవకు బిగించి ఉంటుంది. వల లాగుతూ కాలు జారి పడ్డవాడితోపాటు అది నీళ్లలోకి దూకదు. పడవకు ఏం కాలేదు కాబట్టి దానికి చెప్పడానికేమీ ఉండదు. పక్కవాళ్లు చూస్తేనే బటన్ నొక్కుతారు. మరి ఏఐఎస్ బీకన్ కొనిద్దామా అంటే, 20 మీటర్ల లోపు పడవకు ఏఐఎస్ తప్పనిసరి కాదు. వినే సెట్టే లేని పడవలో ఎంత ఖరీదైన బీకన్ అరిచినా వృథా.

కాబట్టి ఇంటి దగ్గర వేటకెళ్లే అన్నకు ఏదైనా కొనిద్దామనుకుంటే, ముందు ఒంటి మీద నిలిచే లైఫ్ జాకెట్ కొనండి. పని చేస్తుంటే అడ్డం పడకుండా సన్నగా ఉండాలి, లేకపోతే మొదటి రోజే మూలన పడేస్తారు. దానికో విజిల్, నీళ్లు తగిలితే వెలిగే లైటు. ఆ తర్వాత, వీలైతే, బ్లూటూత్ ట్యాగులు చూడొచ్చు. మనిషి మణికట్టుకు ట్యాగ్, పడవలో ఫోనో చిన్న పెట్టో. మనిషి దూరమైతే లింకు తెగి అలారం మోగుతుంది, ఎక్కడ పడ్డాడో జీపీఎస్‌లో గుర్తు పడుతుంది. అయిదారుగురుండే పడవకు ఇది తెలివైన ఏర్పాటు. 'పడ్డాడు' అన్న కబురు మొదటి పది సెకన్లలో తెలియడమే అన్నిటికంటే ముఖ్యం కదా.

జాకెట్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగినప్పుడు అందులో 77 మంది ఉన్నారు. బయటపడ్డది 26 మంది. అది సముద్రం కాదు, నది. ఒడ్డు కళ్లెదురుగానే ఉంది. అక్కడ ఏ ఉపగ్రహమూ చేయగలిగిందేం లేదు. నీళ్ల మీద తేలడం తర్వాతే మిగతావన్నీ.

ఇప్పుడు ఇన్‌కాయిస్ సంగతి. ప్రగతినగర్‌లోని ఈ సంస్థ 2016లో సరాట్ అనే టూల్ తెచ్చింది. మనిషో పడవో చివరిసారి ఎక్కడ, ఎన్నింటికి కనిపించారో చెబితే, గాలినీ ప్రవాహాన్నీ లెక్కేసి ఇప్పుడు ఎక్కడ ఉండే అవకాశం ఎక్కువో మ్యాపు మీద చూపిస్తుంది. జాకెట్ ఉన్న మనిషి ఒకలా, బోర్లాపడ్డ పడవ ఇంకోలా కొట్టుకుపోతాయి కాబట్టి అరవై రకాల వస్తువులకు విడివిడిగా లెక్కలున్నాయి. కోస్ట్‌గార్డ్ వెతుకులాటకు ఇది చాలా పనికొస్తుంది. కానీ ఆ లెక్క మొదలవ్వాలన్నా చివరిసారి కనిపించిన చోటు, టైమ్ కావాలి. ఎవరూ చూడని మనిషికి ఆ రెండూ ఉండవు. ఒంటి మీది బీకన్ ఇచ్చేది సరిగ్గా వాటినే.

మన షెడ్డుకు పనికొస్తుందా?

ఇక్కడి కుర్రాళ్లకు రావాల్సిన ప్రశ్నే. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగాక ఇంటివాళ్లు రోజుల తరబడి ఆ గేటు బయట ఎదురుచూశారు. 54 మంది పోయారు. వాళ్లలో ఎనిమిది మంది ఆచూకీ చివరికీ దొరకలేదు. మనిషి ఎక్కడున్నాడో తెలియకపోవడం సముద్రానికే సొంతమైన కష్టం కాదని ఈ బెల్టుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అలాగని పీఎల్‌బీ కొనుక్కుని షిఫ్టుకు వెళ్తే లాభం లేదు. కాంక్రీటు కప్పు కింద జీపీఎస్ అందదు, 406 సిగ్నల్ పైకి పోదు. లోపల పనిచేసేవాళ్లకు వేరే పరికరాలున్నాయి. కొన్ని గ్యాస్ డిటెక్టర్లలో 'మ్యాన్ డౌన్' అలారం ఉంటుంది. వేసుకున్న మనిషి కాసేపు కదలకపోతే అదే మోగుతుంది. రియాక్టర్ దగ్గర ఒంటరిగా నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు, ట్యాంకులోకి దిగేవాళ్లకు కంపెనీని అడగదగ్గ వస్తువు అదీ. ఇంకో మాట, సాల్వెంట్ ఆవిరి ఉండే చోట నిప్పురవ్వ పుట్టించని సర్టిఫికెట్ ఉన్న పరికరమే వాడాలి.

ఈ నియమమే సముద్రంలోనూ ఉంది. కెమికల్ ట్యాంకర్ డెక్ అంటే నీళ్ల మీద తేలుతున్న పటాన్‌చెరు ప్లాంటే. గేటు దగ్గర ఫోన్ తీసుకుని లోపలికి పంపినట్టే, అక్కడా ఏ ఎలక్ట్రానిక్ పెట్టె పడితే అది జేబులో వేసుకుని తిరగనివ్వరు. ట్యాంకర్‌లో చేరేవాళ్లు బీకన్ కొనేముందు కంపెనీని అడిగి తీరాలి. ఎత్తు మీద పనిచేసేటప్పుడు బెల్టు హుక్ తగిలించుకోవడం మీకు అలవాటే కదా, ఓడ అంచున పనికీ అంతే. తారిణి పడవ మీద 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ప్రపంచాన్ని చుట్టొచ్చిన ఆరుగురు నేవీ మహిళల్లో హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి స్వాతి ఉన్నారు. 21,600 నాటికల్ మైళ్లు. అలాంటి ప్రయాణాల్లో తాడుతో పడవకు కట్టుకుని పనిచేయడమే మొదటి పాఠం. బీకన్ అనేది ఆ తాడు తెగినప్పుడు.

'అమెరికాలో అన్నయ్య తెస్తాడు'

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ప్రతి 406 బీకన్‌లో ఒక దేశం కోడ్ ఉంటుంది. ఇండియాది 419. అమెరికాలో కొన్నది అమెరికా కోడ్‌తో వస్తుంది. మీరు బంగాళాఖాతంలో బటన్ నొక్కితే, ఈ బీకన్ ఎవరిదని వెతికేది అమెరికా రికార్డుల్లో. అందుకే కొనేటప్పుడే ఇండియా కోడ్ వేయించుకోవాలి, తర్వాత బెంగళూరు సెంటర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా ఇదే చిక్కు, పాత ఓనరు పేరు మీద ఉండిపోతుంది. బ్యాటరీ గడువు కూడా చూడండి. మామూలు సెల్ కొని మీరే మార్చుకునేది కాదది, సర్వీస్ సెంటర్‌కు పంపాలి.

చట్టం సంగతి ఇంకా ముఖ్యం. మన దేశంలో శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసెంజర్లు అనుమతి లేకుండా ఉంచుకోవడం నేరం. ట్రెక్కింగ్ కోసం జేబులో వేసుకొచ్చిన విదేశీయులు మన ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నారు. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటిది యూట్యూబ్‌లో చూసి ముచ్చటపడి తెప్పించుకోవద్దు. రేడియో సిగ్నల్ పంపే ఏ పరికరానికైనా టెలికాం శాఖ నిబంధనలు ఏమంటున్నాయో కనుక్కున్నాకే కొనండి. ఓడలో చేరేవాళ్లయితే కంపెనీ ద్వారా తీసుకోవడం తేలిక. ఇక ఐఫోన్‌లో శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది కదా అనొద్దు, ఆ సేవ ఇండియాలో లేదు.

ఊరికే నొక్కి చూడటం అస్సలు వద్దు. ప్రతి బీకన్‌కూ విడిగా టెస్ట్ బటన్ ఉంటుంది, మాన్యువల్‌లో చెప్పినన్ని సార్లే వాడాలి. పొరపాటున ఆన్ అయితే వెంటనే ఆపి కోస్ట్‌గార్డ్ నంబరు 1554కు ఫోన్ చేసి చెప్పేయండి. లేకపోతే మీరు మంచం మీద పడుకుని ఉండగా మీ కోసం విమానం లేస్తుంది.

రిజిస్ట్రేషన్ ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అనే గడి ఉంటుంది. చాలామంది దాన్ని నాన్న నంబరుతో నింపేస్తారు. బీకన్ మోగగానే ముందు ఆ నంబరుకే ఫోన్ వెళ్తుంది, మనిషి నిజంగా సముద్రంలో ఉన్నాడా, ఏ ఓడలో, ఏ రేవు నుంచి బయల్దేరాడు అని అడుగుతారు. రాత్రి రెండింటికి, తెలియని నంబరు నుంచి, హిందీలోనో ఇంగ్లిష్‌లోనో. లోన్ కాల్ అనుకుని కట్ చేసేవాళ్ల నంబరు ఇవ్వకండి. ఫోన్ ఎత్తి జవాబు చెప్పగలిగే అక్కదో, స్నేహితుడిదో ఇవ్వండి. ఓడ పేరు, కంపెనీ నంబరు ఒక కాగితం మీద రాసి వాళ్ల దగ్గర పెట్టండి. బెంగళూరు సెంటర్ నంబరు వాళ్ల ఫోన్‌లో పేరుతో సేవ్ చేయించాకే బ్యాగు సర్దుకోండి.